బిలాస్‌పూర్ బంతి, మాన్‌శాంటో గడ్డి

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ పేరు చెబితే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది రైలే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ ఉత్తరాంధ్ర కుటుంబాలు ఉద్యోగాల కోసం వెళ్లి అక్కడే స్థిరపడ్డాయి. హాకీ వీరుడు లెస్లీ క్లాడియస్ 1927లో పుట్టింది ఆ రైల్వే ఊళ్లోనే. ఫుట్‌బాల్ మీద మోజున్న ఆ కుర్రాడి చేత ఖరగ్‌పూర్‌లో హాకీ కర్ర పట్టించింది 1932 ఒలింపిక్ విజేత డికీ కార్. ప్రాక్టీసు ఆటకు ఒక మనిషి తక్కువయ్యాడు మరి! అక్కణ్నుంచి 1948, 52, 56 ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు, 1960లో కెప్టెన్‌గా రజతం. ఇంత కథలోనూ కర్ర, బంతి, గడ్డి నేల తప్ప చెప్పుకోదగ్గ పరికరం లేదు.

పాశ్చాత్య దేశాల్లో మాత్రం అప్పటికే సాధన సామగ్రి పేటెంటు కాగితాలకెక్కుతోంది. పేటెంట్లు మనకూ కొత్త కాదు. 1856లో కలకత్తాకు చెందిన డిపెన్నింగ్ తొలి దరఖాస్తు పెట్టాడు, పంకా లాగే యంత్రానికి. దొరలకు గాలి ముందు, ఆటలు తరవాత! ఇక సాధన సామగ్రి సంగతికొస్తే, ఇంగ్లండు జైళ్లలో 1818 నుంచి ఖైదీల చేత తొక్కించిన చక్రానికి దూరపు చుట్టమైన ట్రెడ్‌మిల్‌ను ‘శిక్షణ యంత్రం’ పేరుతో క్లాడ్ హేగెన్ అమెరికాలో 1913లో పేటెంటు చేయించుకున్నాడు.

పరుగు పందేల సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. ఆ రోజుల్లో పరుగు వీరులు చేతి తాపీతో ట్రాక్‌లో గుంటలు తవ్వి, వాటిలో కాళ్లు ఆనించి లేచేవారు. పందెం ముగిసేసరికి ట్రాకంతా గుంటలే. అయోవా విశ్వవిద్యాలయ కోచ్ జార్జ్ బ్రెస్నహాన్ కాలితో తన్ని లేవడానికి ముందుకూ వెనక్కూ జరుపుకొనే దిమ్మెలు చేసి, 1929లో పేటెంటు పొందాడు. అదే ఏడు జార్జ్ సింప్సన్ వాటి మీద నుంచి లేచి 100 గజాలు 9.4 సెకన్లలో పరుగెత్తితే, దిమ్మెల సాయం ఉందంటూ రికార్డు ఒప్పుకోలేదు. ఒలింపిక్స్‌లోకి అవి వచ్చింది 1948లో, మన క్లాడియస్ తొలి స్వర్ణం అందుకున్న లండన్‌లోనే.

బిలాస్‌పూర్‌ను సూటిగా తాకిన పేటెంటు మాత్రం 1967 నాటిది. నగరాల పిల్లలకు ఆడుకోవడానికి నేల కావాలన్న ఆలోచనతో మొదలైన పరిశోధనలో అమెరికా కంపెనీ మాన్‌శాంటో ఉద్యోగులు ఫారియా, రైట్ నైలాన్ రిబ్బన్ల గడ్డిని సృష్టించారు. అదే ఆస్ట్రోటర్ఫ్. దాని మీద బంతి ఎగుడుదిగుడు లేకుండా దూసుకుపోతుంది. గడ్డి నేల మీద బంతిని కర్రకు అంటించుకుని మణికట్టుతో తిప్పే మన విద్యకు అక్కడ విలువ తగ్గి, పరుగుకూ ఒంటి సత్తువకూ విలువ పెరిగింది. 1928 నుంచి ప్రతి ఒలింపిక్స్‌లోనూ పతకం తెచ్చిన మనం, హాకీ తొలిసారి ఆ నేలకెక్కిన 1976 మాంట్రియల్‌లో ఏడో స్థానంలో పడ్డాం. నేరమంతా నైలాన్‌దే అనను. 1980 మాస్కోలోనూ కృత్రిమ నేల మీదే స్వర్ణం గెలిచాం, గట్టి జట్లు కొన్ని రాకపోవడం కలిసొచ్చిందనుకోండి.

విలువిద్యకు పేటెంటు మేలే చేసింది. చివర్లలో కప్పీలు బిగించిన హోలెస్ అలెన్ కాంపౌండ్ విల్లుకు 1969లో హక్కు దక్కింది. తీగ పూర్తిగా లాగాక చేతి మీద బరువు బాగా తగ్గుతుంది, గురి నిలుస్తుంది. ఆ తరహా విల్లుతోనే విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది.

ఇప్పుడు బిలాస్‌పూర్ శివార్లలోని బహతరాయి శిక్షణ కేంద్రంలో హాకీ, విలువిద్య, అథ్లెటిక్స్ మూడూ నేర్పుతున్నారు. క్లాడియస్ పుట్టిన ఊరికి కృత్రిమ హాకీ నేల దక్కింది ఛత్తీస్‌గఢ్ ఏర్పడ్డాకే. ఆ ఆలస్యానికి పేటెంటును తిట్టి లాభం లేదు. ఆనాటి అమెరికా చట్టం ఇచ్చిన గడువు 17 ఏళ్లే కాబట్టి, ఆస్ట్రోటర్ఫ్ మూల పేటెంటుకు 1984లోనే నూకలు చెల్లాయి. అడ్డుపడింది డబ్బు, అంతకన్నా ఎక్కువగా పట్టనితనం. బ్రెస్నహాన్ దిమ్మెలకైతే ఆ సాకు కూడా చెల్లదు. పేటెంటు బొమ్మలు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు, రైల్వే ఊళ్లో వడ్రంగులకూ ఫిట్టర్లకూ కొదవ లేదు. మన రైల్వే కాలనీల క్రీడా సంఘాలు ముందు ఆ దిమ్మెలు చేయించే పని మొదలుపెట్టాలి.