టెట్రిస్ కార్ట్రిడ్జ్ - దాని అసలు వెల ఎంత?

పిల్లలు కాలేజీలకు వెళ్ళిపోయాక బేస్‌మెంట్ సర్దుతుంటే, పాత నింటెండో, దానితో నాలుగైదు కార్ట్రిడ్జ్‌లు బయటపడడం అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్ళలో చాలామందికి అనుభవమే. వాటిని ఎవరికైనా ఇచ్చెయ్యాలా, దాచుకోవాలా, అమ్మితే ఏమైనా వస్తుందా అన్న ప్రశ్న అప్పుడే మొదలవుతుంది. 2021 జూలైలో సీలు తియ్యని సూపర్ మారియో 64 ఒకటి వేలంలో 15 లక్షల 60 వేల డాలర్లకు అమ్ముడైంది. అలాంటి వార్త చదివాక ప్రతి పాత కార్ట్రిడ్జ్‌లోనూ లంకెబిందెలు కనిపిస్తాయి. అయితే నిజానికి వెల ఎలా ఏర్పడుతుంది? దీనికి టెట్రిస్‌ను మించిన ఉదాహరణ లేదు.

ఒకే ఆట, రెండు కార్ట్రిడ్జ్‌లు

టెట్రిస్‌ను 1984లో మాస్కోలో, సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో పనిచేస్తున్న అలెక్సీ పజిట్నోవ్ తయారుచేశారు. సోవియట్ ప్రభుత్వం తరఫున హక్కులు అమ్మే పని ఎలోర్గ్ అనే సంస్థది. కంప్యూటర్లలో ఆడే హక్కులు రాబర్ట్ స్టైన్ అనే వ్యాపారి ద్వారా ఇంగ్లండులోని మిర్రర్‌సాఫ్ట్‌కు, అక్కడి నుంచి అటారీ గేమ్స్‌కు చేతులు మారాయి. టీవీకి తగిలించి ఆడే కన్సోల్ కూడా కంప్యూటరే కదా అన్నది అటారీ వాదన. కాదు, కన్సోల్ హక్కులు తామెవరికీ ఇవ్వలేదన్నది ఎలోర్గ్ మాట. 1989 మార్చిలో ఎలోర్గ్ ఆ హక్కులను నింటెండోకు అమ్మింది.

అయినా అటారీ గేమ్స్ తన అనుబంధ సంస్థ టెంగెన్ పేరుతో 1989 మేలో నింటెండో ఎన్.ఈ.ఎస్. మీద ఆడే టెట్రిస్‌ను దుకాణాలలోకి వదిలింది. జూన్‌లో అమెరికా ఫెడరల్ కోర్టు దాని అమ్మకాన్ని ఆపించింది. గిడ్డంగులలో మిగిలిన రెండున్నర లక్షలకు పైగా కార్ట్రిడ్జ్‌లు వృథా అయ్యాయి. ఆ నాలుగు వారాలలో అమ్ముడైనవి సుమారు లక్ష అని అంచనా. ఆ ఏడాది చివరలో నింటెండో తన సొంత టెట్రిస్‌ను విడుదల చేసింది.

విచిత్రం ఏమిటంటే, కోర్టులో ఓడిన టెంగెన్ ఆటలో ఇద్దరు పక్కపక్కన ఒకేసారి ఆడవచ్చు. గెలిచిన నింటెండో ఆటలో ఒక్కరే ఆడాలి. అందుకే టెంగెన్ ఆటను మెచ్చుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

నిషేధం వేరు, కొరత వేరు

"కోర్టు నిషేధించిన కార్ట్రిడ్జ్" అనగానే లక్షలు పలుకుతుందనుకుంటాం. కానీ లక్ష కాపీలంటే తక్కువేమీ కాదు. పైగా కథ అందరికీ తెలిసిపోవడంతో ఉన్నవాళ్ళు జాగ్రత్తగా దాచుకున్నారు. అందువల్ల పెట్టె లేని టెంగెన్ టెట్రిస్ మామూలుగా రెండంకెల డాలర్లలోనే దొరుకుతుంది. పెట్టె, మాన్యువల్ చెక్కుచెదరకుండా ఉంటే అంతకన్నా ఎక్కువ పలుకుతుంది.

నింటెండో టెట్రిస్ లక్షల సంఖ్యలోనూ, గేమ్ బాయ్‌తో కలిపి ఇచ్చిన టెట్రిస్ కోట్ల సంఖ్యలోనూ ప్రజల చేతికి వెళ్ళాయి. కాబట్టి విడి కార్ట్రిడ్జ్ 20 డాలర్ల చుట్టుపక్కలే ఉంటుంది.

దీనికి పూర్తిగా భిన్నమైనది జపాన్‌లో సెగా మెగా డ్రైవ్ కోసం 1989లో తయారైన టెట్రిస్. అదీ హక్కుల గొడవ వల్లనే ఆగిపోయింది. కానీ బయటపడిన కాపీలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే. అసలు తేడా ఇక్కడ ఉంది: కారణం ఒకటే అయినా మిగిలిన కాపీల సంఖ్య వెలను నిర్ణయించింది.

చిన్నప్పుడు హైదరాబాదులోనో విజయవాడలోనో టీవీకి తగిలించి ఆడిన "9999 ఇన్ 1" కార్ట్రిడ్జ్‌లు మీ దగ్గరుంటే వాటిలోనూ ఇటుకలు పేర్చే ఆట ఉండే ఉంటుంది. అవి అనుమతి లేని నకళ్ళు, లెక్కలేనన్ని వచ్చాయి. వాటికి జ్ఞాపకాల విలువే తప్ప అంగడి విలువ దాదాపు లేదు.

మీ దగ్గరున్నది ఏది?

- బూడిద రంగు కార్ట్రిడ్జ్ మీద నింటెండో ముద్ర ఉంటే అది సాధారణమైనది. నల్లగా, ఆకారంలో కొంచెం తేడాగా, టెంగెన్ పేరుతో ఉంటే ఈ కథలోది.
- నకిలీలు ఉన్నాయి. లేబుల్ మరీ కొత్తగా మెరుస్తుంటే అనుమానించండి. కొనేముందు లోపలి బోర్డు ఫోటో అడగండి.
- ఈబేలో అమ్మేవాళ్ళు అడిగే ధర చూసి లెక్కవేయకండి. నిజంగా అమ్ముడైనవాటి జాబితా చూడండి.
- పెట్టె, మాన్యువల్ పారేయకండి. చాలాసార్లు వెలలో సగం వాటిదే.
- సీలు ఉంటే తీయకండి. వేలంలో పెద్ద మొత్తాలు పలికినవి సీలు తియ్యనివి, గ్రేడింగ్ చేయించినవి. ఆడిన కార్ట్రిడ్జ్‌కు గ్రేడింగ్ చేయిస్తే ఖర్చే ఎక్కువ కావచ్చు.
- కార్ట్రిడ్జ్‌లోకి నోటితో ఊదకండి. ఉమ్మి తేమ వల్ల లోహపు అంచులు చెడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, ఆరనివ్వండి.

ఈ లెక్కలన్నీ చూశాక మీ కార్ట్రిడ్జ్ పదిహేను డాలర్లదే అని తేలితే నిరాశపడనక్కరలేదు. ఇల్లు సర్దేటప్పుడు దాన్ని చెత్తలో వేయకండి, అలాగని పెట్టుబడి అనీ అనుకోకండి. పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఒకసారి తగిలించి చూడండి. ఏ వేలమూ కట్టలేని వెల అది.