పెద్దింటి అన్నదమ్ములు

అమెరికాలో జార్జియా రాష్ట్రం, మేకన్ ఊళ్లో వైన్‌విల్ అవెన్యూ పక్కన ఒక పాత ఇల్లుంది. దాన్ని ‘బిగ్ హౌస్’ అంటారు. మన మాటలో పెద్దిల్లు. 1970ల మొదట్లో ఆల్మన్ బ్రదర్స్ బ్యాండు కుర్రాళ్లు, వాళ్ల ఆలుబిడ్డలు, వచ్చేపోయే స్నేహితులు అంతా ఒకే కప్పు కింద బతికిన ఇల్లది. ఇప్పుడక్కడ కాపురాలు లేవు. వాళ్ల జ్ఞాపకాలు దాచిన మ్యూజియం అయింది.

ఈ బ్యాండును ప్రాణంగా చూసుకున్నవాళ్లు ఇద్దరు కలిస్తే చాలు, ఒక తగవు మొదలవుతుంది. అసలు ఆల్మన్ బ్రదర్స్ అంటే ఎవరు? డువేన్ ఆల్మన్ బతికున్న రెండున్నరేళ్లే అసలు బ్యాండు, తర్వాతదంతా నీడేనంటారు కొందరు. 1972లో పియానో చేరాకే పాట జనంలోకి వెళ్లిందంటారు ఇంకొందరు. వారెన్ హేన్స్, డెరిక్ ట్రక్స్ జంటగా గిటార్లు వాయించిన చివరి పదమూడేళ్లను వెనకేసుకొచ్చేవాళ్లకీ లోటు లేదు. మొదట్నుంచీ ఉన్న డికీ బెట్స్‌ని పక్కనపెట్టాక ఆ పేరు వాడుకునే హక్కు ఎవరికీ లేదని ఇప్పటికీ మండిపడేవాళ్లున్నారు. ఈ వాదన వింటుంటే నాకు పంపకాలైపోయిన ఉమ్మడి కుటుంబం గుర్తొస్తుంది. ఇల్లు చీలిపోయినా, ఆ అరుగు మీద పెరిగినవాళ్లకు మాత్రం బెంగ తీరదు.

కథ ఒక హత్యతో మొదలవుతుంది. 1949 డిసెంబరు 26న, క్రిస్మస్ మర్నాడు, దారిలో లిఫ్టు అడిగినవాడిని కారెక్కించుకున్న పాపానికి డువేన్, అతని తమ్ముడు గ్రెగ్‌ల నాన్న విల్లిస్ ఆల్మన్ ప్రాణం పోయింది. డువేన్‌కి మూడేళ్లు, గ్రెగ్‌కి రెండేళ్లు. అప్పట్నుంచి తమ్ముడికి అన్నే పెద్దదిక్కు. ముందు గిటారు పట్టింది తమ్ముడు. అన్నకేమో మోటారుసైకిలు మోజు. ఆ బండి పాడయ్యాక దాని భాగాలిచ్చి గిటారు తెచ్చుకున్నాడు డువేన్. కొన్నాళ్లకే తమ్ముణ్ణి దాటి చాలా దూరం వెళ్లిపోయాడు.

డువేన్ 22వ పుట్టినరోజు సంగతి గ్రెగ్ చెప్పుకునేవాడు. గుర్రం మీంచి పడి డువేన్ మోచేతికి దెబ్బ తగిలింది. ఆ తప్పు తమ్ముడిదేనని కోపం వచ్చి మాట్లాడటం మానేశాడు. పైగా జలుబు. గ్రెగ్ తాజ్ మహల్ అనే గాయకుడి రికార్డు ఒకటీ, ఒక జలుబు మాత్రల గాజు సీసా కొని, అన్న గుమ్మం ముందు పెట్టి తలుపు కొట్టి పరుగెత్తాడు. ఆ రికార్డు విన్న డువేన్ సీసాలోని మాత్రలు పారబోసి, పైనున్న కాగితం కడిగేసి, సీసాను ఉంగరపు వేలికి తొడుక్కుని గిటారు తంతుల మీద జార్చాడు. తర్వాత లోకమంతా చెవులు రిక్కించి విన్న ఆ స్లైడు గిటారు, అలిగిన అన్నకి తమ్ముడిచ్చిన మందు సీసాలోంచి పుట్టింది.

1969 మార్చిలో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో ఆరుగురు కలిశారు. రెండో గిటారు డికీ బెట్స్, బేస్ గిటారు బెర్రీ ఓక్లీ, డ్రమ్ముల మీద బుచ్ ట్రక్స్, జైమో. లాస్ ఏంజెలెస్ నుంచి గ్రెగ్ దిగగానే ఆర్గనుకీ గొంతుకీ మనిషి దొరికాడు. అంతా కలిసి ముందు పట్టుకున్నది మడ్డీ వాటర్స్ పాడిన ఒక పాత బ్లూస్ పాట. జైమో నల్లజాతివాడు, మిగతావాళ్లు తెల్లవాళ్లు. ఆ రోజుల్లో అమెరికా దక్షిణాదిలో అలా కలిసి ఒకే చోట తిని పడుకోవడమే పెద్ద తెగింపు. మేకన్‌లో మామా లూయిస్ హోటలుకి వెళ్లి, చేతిలో ఉన్న చిల్లరకు ఒకటి రెండు పళ్లాలు చెప్పుకుని పంచుకు తినబోతే, ఆవిడ చూడలేక అందరికీ వడ్డించింది. ఆ రుణం వాళ్లు మరిచిపోలేదు, పేరు వచ్చాక తమతో పాటు ఆవిడనీ టూరుకి తీసుకెళ్లారు.

వాళ్ల పాట కట్టుబడి మన కచేరీ తెలిసినవాళ్లకు కొత్తగా ఉండదు. పల్లవి పాడేశాక స్వరకల్పన ఎంతసేపు సాగుతుందో ఎవరూ చెప్పలేరు కదా, ఇక్కడా అంతే. ఒక గిటారు ఒక మాట అంటే రెండోది దానికి వంత పలికేది, మరుక్షణం రెండూ జోడు సన్నాయిల్లా ఒకే బాణీని వేరువేరు స్వరాల్లో ఎత్తుకునేవి. కింద ఇద్దరు డ్రమ్మర్లు. బుచ్ బండి చక్రంలా తిన్నగా తోసుకుపోతుంటే, జైమో జాజ్ నడకతో అటూ ఇటూ అల్లుకునేవాడు. 1971 మార్చి 12, 13 తేదీల్లో న్యూయార్క్ ఫిల్‌మోర్ ఈస్ట్ హాల్లో చేసిన రికార్డింగులో ఒక్క ‘విప్పింగ్ పోస్ట్’ పాటే 23 నిమిషాలు. అలసట ఎక్కడా వినిపించదు. ఆ ఏడాది జులైలో విడుదలైన ఆ రికార్డు, అక్టోబరు నెలాఖరుకి అమ్మకాల్లో గోల్డ్ స్థాయికి చేరింది.

ఆ సంబరం వారం కూడా నిలవలేదు. 1971 అక్టోబరు 29న బెర్రీ భార్య పుట్టినరోజు. పెద్దింటికి వచ్చి శుభాకాంక్షలు చెప్పి, డువేన్ మోటారుసైకిలు మీద బయల్దేరాడు. హిల్‌క్రెస్ట్ అవెన్యూలో ఎదురొచ్చిన క్రేను లారీని తప్పించబోయి పడిపోయాడు. ఆ రాత్రి గడవలేదు. వయసు 24. శవపేటిక ముందు అతని గిటారు పెట్టెను నిలబెట్టి, మిగిలిన ఐదుగురూ వాయించారు. ఏడవడం చేతకాని కుర్రాళ్లకి తెలిసిన కర్మకాండ అదే.

డువేన్ పోయాక బెర్రీ ఓక్లీ మనిషి కాలేకపోయాడు. 1972 నవంబరు 11న, డువేన్ పడిన చోటికి మూడు వీధుల అవతల, అతని మోటారుసైకిలు సిటీ బస్సుని గుద్దింది. ఆసుపత్రి వద్దని లేచి ఇంటికొచ్చేశాడు. కొన్ని గంటల్లోనే తలలో వాపుతో ప్రాణం పోయింది. అతనికీ 24 ఏళ్లే. ఓక్మల్గీ నది ఒడ్డున రోజ్ హిల్ శ్మశానంలో ఇద్దరినీ పక్కపక్కన పడుకోబెట్టారు.

ఇక్కడితో కథ ముగిసి ఉంటే ‘డువేన్ పోయాడు, బ్యాండూ పోయింది’ అని ఒక్క మాటలో చెప్పేసేవాళ్లం. కానీ చావు ఆ బ్యాండుని కూల్చలేదు. డువేన్ స్థానంలో వాళ్లు ఇంకో గిటారు మనిషిని పెట్టలేదు. ఆ చోటు అలాగే ఖాళీగా వదిలి, పక్కకి చక్ లెవెల్ పియానోని తెచ్చుకున్నారు. బెర్రీ బదులు లామార్ విలియమ్స్ వచ్చాడు. డికీ రాసి పాడిన ‘రాంబ్లిన్ మ్యాన్’ 1973లో దేశం పాటల పట్టికలో రెండో స్థానం దాకా ఎక్కింది, ఆ పాట ఉన్న ఆల్బమ్ అయితే ఐదు వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. ఆ జులై 28న వాట్కిన్స్ గ్లెన్‌లో ‘గ్రేట్‌ఫుల్ డెడ్’, ‘ది బ్యాండ్’ అనే బృందాలతో కలిసి వాళ్లు వాయిస్తే వచ్చిన జనం దాదాపు ఆరు లక్షలని అంచనా. రెండు చావుల బరువు మోస్తూ కూడా ఆ ఇల్లు నిలబడింది.

దాన్ని పడగొట్టింది మనుషుల మధ్య చెడిన మాట. డబ్బు వచ్చింది, దాని వెంటే మత్తు వచ్చింది. 1976లో మత్తుమందుల కేసులో గ్రెగ్ సాక్ష్యం చెప్పాడు, తన బాగోగులు చూసుకునే టూరు మనిషి మీదే. కోర్టు అతనికి 75 ఏళ్ల శిక్ష వేసింది. తర్వాత అది ఎంత తగ్గినా, ఆ అంకె మాత్రం బ్యాండు గుండెలో ముల్లై దిగింది. ఇక జన్మలో గ్రెగ్‌తో పనిచేయలేమని తక్కినవాళ్లు తెగేసి చెప్పేశారు. గ్రెగ్‌కి చట్టం ముందు వేరే దారి ఉందో లేదో నేను తీర్పు చెప్పను. ఒకే పళ్లెంలో తిన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూడలేని రోజు వచ్చిందన్నదే నా దుఃఖం.

1978లో మళ్లీ కలిశారు. రెండో గిటారు వచ్చింది, ఆల్బమ్‌లూ వచ్చాయి. కానీ జైమోని తీసేశారు, పాటలో జీవం తగ్గింది, 1982లో ఎవరి దారిన వాళ్లు పోయారు. 1989లో మరోసారి కలిసినప్పుడు వారెన్ హేన్స్, అలెన్ వుడీ చేరారు, పాటకి కొత్త రక్తం ఎక్కింది. న్యూయార్క్ బీకన్ థియేటర్లో ఏటేటా వసంతకాలం కచేరీలు తిరునాళ్లయ్యాయి. 1999లో బుచ్ సోదరుడి కొడుకు డెరిక్ ట్రక్స్ వచ్చాడు. ఎరిక్ క్లాప్టన్‌తో కలిసి డువేన్ గిటారు వాయించిన ‘డెరిక్ అండ్ ది డామినోస్’ బ్యాండు పేరే ఆ పిల్లాడికి పెట్టారు. డువేన్ పోయిన ఏడున్నరేళ్లకు పుట్టినవాడు, ఇరవై ఏళ్లకే ఆ స్లైడు బాధ్యత వేలికి తొడుక్కున్నాడు.

మరుసటి ఏడాదే రెండో దెబ్బ. 2000లో డికీ బెట్స్‌కి ఒక ఫ్యాక్స్ వచ్చింది. ఆ వేసవి టూరు నువ్వు లేకుండా చేస్తామన్నది దాని సారం. తాగుడు, కోపం, వాయించడంలో తేడాలు అని వాళ్ల కారణాలు వాళ్లు చెప్పారు. తనకి అన్యాయం జరిగిందని డికీ తన గోడు తాను చెప్పుకున్నాడు. ముప్పై ఏళ్ల సావాసం తెగిపోయింది, ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం లేని ఒక కాగితంతో. డికీ మళ్లీ ఎప్పుడూ ఆ వేదిక ఎక్కలేదు. తర్వాతి జట్టు గొప్పగా వాయించింది, ఆ మాట ఒప్పుకోకపోతే తప్పవుతుంది. 2009లో నలభయ్యో ఏట బీకన్‌లో పదిహేను రాత్రులు జరిపినప్పుడు క్లాప్టన్ కూడా వచ్చి వాళ్ల పక్కన నిలబడ్డాడు. కానీ డికీ కట్టిన బాణీ మొదలైన ప్రతిసారీ, వినేవాళ్లలో కొందరి కళ్లు అతను నిలబడే చోటుని వెతుక్కునేవి.

2014 అక్టోబరు 28న చివరి కచేరీ. అర్ధరాత్రి దాటింది, తేదీ 29కి మారింది. డువేన్ పోయి సరిగ్గా 43 ఏళ్లు. 1969లో అందరూ కలిసి ముందుగా పట్టుకున్న ఆ మడ్డీ వాటర్స్ పాటతోనే ముగించి దండం పెట్టారు. 2017 జనవరిలో బుచ్ ట్రక్స్ తన ప్రాణం తానే తీసుకున్నాడు. మే 27న గ్రెగ్ పోయాడు. రోజ్ హిల్‌లో అన్న దగ్గరికే చేరాడు. ఆ అంత్యక్రియలకి డికీ వచ్చాడు. 2020 మార్చి 10న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో యాభై ఏళ్ల వేడుకగా వాయించినప్పుడు పోస్టరు మీద ‘ది బ్రదర్స్’ అని మాత్రమే ఉంది. ఆల్మన్ అన్నదమ్ములిద్దరూ లేరు కాబట్టి ఇంటిపేరు తీసేశారు. జైమో డ్రమ్ముల వెనక ఉన్నాడు. డికీ బతికే ఉన్నాడు, వేదిక మీద మాత్రం లేడు. 2024 ఏప్రిల్ 18న అతనూ వెళ్లిపోయాక, ఆరుగురిలో జైమో ఒక్కడే మిగిలాడు.

అసలు బ్యాండు ఏదని ఎవరైనా నన్నడిగితే, వాదించను. ఫిల్‌మోర్ రికార్డులో ‘ఇన్ మెమరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్’ పెడతాను. పాటకి మాటల్లేవు, పదమూడు నిమిషాలు. మొదట డికీ గిటారు వయొలిన్‌లా మెల్లగా ఉబికి వస్తుంది. కాసేపటికి పక్కనుంచి డువేన్ అందుకుంటాడు. ఇక ఎవరిది ఏ గిటారో తెలియని చోటికి ఇద్దరూ వెళ్లిపోతారు. ఆ పేరు డికీకి దొరికింది రోజ్ హిల్‌లోనే. పాట కట్టుకోవడానికి వెళ్లి ఆ సమాధుల మధ్య కూర్చునేవాడు, ఒక రాతి మీద ఆ పేరు చదివాడు. తన పక్కన ఆ పాట వాయిస్తున్నవాణ్ణి ఆ గుట్టకే మోసుకెళ్లాల్సి వస్తుందని అప్పటికి డికీకి తెలియదు.