ఒసాకాలో తుపాకీ లేని పోలీసులు

న్యూయార్క్ నుంచి సంకెళ్లు వేసి తెచ్చిన యాకూజా (జపాన్ నేరముఠా) హంతకుడు సాతోను, ఒసాకాలో విమానం ఆగగానే పోలీసులమంటూ ఎక్కినవాళ్లకు అప్పగించేస్తారు ఇద్దరు అమెరికన్ డిటెక్టివ్‌లు. వాళ్లు చూపిన కాగితాలు జపనీస్‌లో ఉన్నాయి. వీళ్లకు ఆ భాష ఒక్క ముక్క రాదు. కాసేపటికి అసలు పోలీసులు వస్తారు. ఇక అక్కణ్ణుంచి వీళ్ల దగ్గర తుపాకీ ఉండదు, అధికారం ఉండదు. పక్కన నిలబడి చూడటం తప్ప దర్యాప్తులో పాత్రే లేదు. 1989 సెప్టెంబర్‌లో అమెరికాలో విడుదలైన ‘బ్లాక్ రెయిన్’ కథంతా ఈ నిస్సహాయత చుట్టూనే తిరుగుతుంది. దాన్ని తీయడానికి వెళ్లిన హాలీవుడ్ బృందానికీ ఒసాకాలో ఇంచుమించు అదే పరిస్థితి ఎదురైంది.

అప్పటికి ఈ సినిమా హీరో మైఖేల్ డగ్లస్ దశ తిరిగిపోయింది. 1987లో ‘ఫేటల్ అట్రాక్షన్’ కాసుల వర్షం కురిపించింది, అదే ఏడాది వచ్చిన ‘వాల్ స్ట్రీట్’ ఆయనకు ఆస్కార్ తెచ్చిపెట్టింది. ‘ఫేటల్ అట్రాక్షన్’ నిర్మించిన స్టాన్లీ జాఫీ, షెర్రీ లాన్సింగ్‌లే ఈ సినిమానూ తలకెత్తుకున్నారు. కథ రాసింది క్రెయిగ్ బొలోటిన్, వారెన్ లూయిస్. ముందు దర్శకుడిగా పాల్ వెర్హోవెన్ అనుకున్నారు. చివరికి అది రిడ్లీ స్కాట్ చేతికి వచ్చింది. నియాన్ దీపాలు, వాన, పొగ కలగలిసిన నగరాన్ని ‘బ్లేడ్ రన్నర్’లో సెట్లు వేసి సృష్టించిన మనిషికి, అలాంటి నగరం నిజంగానే ఉన్న దేశానికి వెళ్లే అవకాశం దొరికింది.

కాలం కూడా కలిసొచ్చిందనాలి. జపాన్ చేతిలో డబ్బు పొంగిపొర్లుతున్న రోజులవి. అమెరికా రోడ్ల మీద జపాన్ కార్లు, ఇళ్లలో జపాన్ టీవీలు. ఈ సినిమా విడుదలైన నెలలోనే కొలంబియా స్టూడియోను సోనీ కొనబోతోందన్న వార్త వచ్చింది. అమెరికన్ల మనసులో గుబులు గూడుకట్టుకుని ఉంది. డగ్లస్ వేసిన డిటెక్టివ్ నిక్ కాంక్లిన్ నోటి దురుసులో ఆ గుబులు అడుగడుగునా వినిపిస్తుంది. అతణ్ణి మంచివాడిగా చూపించాలని సినిమా తాపత్రయపడదు. నాకు నచ్చింది అదే.

స్కాట్ మనసు మొదట టోక్యోలోని కాబుకిచో మీద ఉంది. షూటింగ్ అనుమతుల విషయంలో ఒసాకా అధికారులే కాస్త సుముఖంగా కనిపించడంతో, కాలువ ఒడ్డున దీపాల ప్రకటనలతో వెలిగిపోయే దోతోన్‌బోరి వీధిని ఎంచుకున్నారు. అక్కడ ఎబిసు వంతెన పక్కనే కిరిన్ ప్లాజా అనే కొత్త భవనం లేచి అప్పటికి ఏడాదే. స్కాట్ కెమెరా దాన్ని వదిలిపెట్టలేదు. ఉమెదాలో హాంక్యూ డిపార్ట్‌మెంట్ స్టోర్ ముందున్న కమాను పైకప్పు నడవానూ అంతే. యువ డిటెక్టివ్ చార్లీ భుజం మీది కోటును మోటార్‌సైకిల్ కుర్రాడు లాక్కుపోయేది అక్కడే. చార్లీ చావు ఆ కోటు వెంట పరుగుతోనే మొదలవుతుంది.

సుముఖత వేరు, పని జరగడం వేరు. రద్దీ వీధుల్లో షూటింగుకు కట్టుబాట్లు ఎన్నో, ఖర్చు తడిసి మోపెడు. మొదట పనిచేసిన ఛాయాగ్రాహకుడు హోవర్డ్ ఆథర్టన్ ఈ చికాకులకు విసిగి తప్పుకుంటే, యాన్ డి బాంట్ వచ్చాడు. అనుకున్నదంతా జపాన్‌లో తీయడం కుదరక మూటాముల్లె సర్దుకుని అమెరికా తిరిగొచ్చేశారు. పతాక సన్నివేశంలో మనం చూసే జపాన్ పల్లె తోటలు కాలిఫోర్నియాలోని నాపా లోయలో తీసినవి.

వీధులు ఇవ్వలేకపోయింది నటులు ఇచ్చారు. అరవైల్లో యాకూజా సినిమాలతో జపాన్ ఆరాధ్య తార అయిన కెన్ తకాకురాకు ఇక్కడ నిజాయితీపరుడైన ఇన్‌స్పెక్టర్ మసాహిరో పాత్ర ఇచ్చారు. గూండా పాత్రల్లో చూసి చూసి అలవాటైన ముఖం అమెరికన్ పోలీసుకు ధర్మం చెబుతుంటే జపాన్ ప్రేక్షకులకు ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. ఘటనాస్థలంలో నిక్ డబ్బు కాజేస్తే మసాహిరో మొహమాటపడకుండా పై అధికారికి చెప్పేస్తాడు. దొంగతనం దొంగతనమే అంటాడు. అదే మసాహిరోను చార్లీగా వేసిన ఆండీ గార్సియా కరవోకే బార్‌లో రే చార్ల్స్ పాటకు గొంతు కలిపేలా చేస్తాడు. రెండు సంస్కృతులు ఒకదానికొకటి దగ్గరైనట్టు నాకు అనిపించింది అక్కడే, తుపాకుల మోతలో కాదు.

యాకూజా పెద్ద సుగాయ్‌గా తోమిసాబురో వకాయామా మాట్లాడే సన్నివేశం మరొకటి. చిన్నతనంలో అమెరికన్ బాంబర్లు తన ఊరిని బూడిద చేశాక కురిసిన నల్లటి వాన గురించి చెబుతాడు. ఆ తర్వాత వచ్చి పడిన అమెరికా విలువలే సాతో లాంటివాళ్లను పుట్టించాయంటాడు. తాను ముద్రించే దొంగ డాలర్లు దానికి బదులు తీర్చుకోవడమేనంటాడు. అమెరికన్ స్టూడియో డబ్బుతో తీసిన పోలీసు సినిమాలో ఆ మాటలు ఉండనిచ్చారంటే మెచ్చుకోవాలి. అదే ఏడాది షోహే ఇమామురా హిరోషిమా బాధితులపై ఇదే పేరుతో తీసిన సినిమా ముందు ఇది చాలా చిన్నదే, అయినా ఆ రెండు నిమిషాలు కథకు వెన్నెముక.

అందరికంటే ఎక్కువ మూల్యం చెల్లించింది సాతోగా వేసిన యూసాకు మత్సుదా. జపాన్‌లో అప్పటికే పెద్ద స్టార్. మూత్రాశయ క్యాన్సర్ ఉన్నట్టు తెలిసి కూడా, వైద్యం కోసం ఈ పాత్ర వదులుకోవడానికి ఒప్పుకోలేదు. జబ్బు సంగతి బృందానికి తెలియనివ్వలేదు. తెర మీద ఆ మనిషిని చూడండి. పెదవి చివర వెక్కిరింత, కళ్లలో పిచ్చి వెలుగు, యాకూజా పెద్దల ముందు సొంత వేలు కోసుకునేటప్పుడు ఆ మొండితనం. డగ్లస్ పక్కనున్నా చూపు ఇతని మీదికే పోతుంది. సినిమా జపాన్‌లో అక్టోబర్ 7న విడుదలైంది. నవంబర్ 6న మత్సుదా చనిపోయాడు, నలభై ఏళ్లకే. హాలీవుడ్‌లో ఆయన చేసింది ఈ ఒక్క సినిమానే. కొడుకులు ర్యూహే, షోతా ఇద్దరూ పెద్దయ్యాక నటులే అయ్యారు.