ఘటోత్కచుడి ఆకారం చూసి మనం నవ్వామా?

ఇవాళ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. 'మాయాబజార్'లో ఘటోత్కచుడు తెర మీదకి రాగానే మన మొహం మీదకి నవ్వొస్తుంది కదా? మరి మనం నవ్వుతున్నది ఆయన లావు చూసేనా? నన్నడిగితే కాదు అంటాను. ఎందుకు కాదో చెప్పడానికే ఈ ఎపిసోడ్.

ముందు పేరు సంగతి చూద్దాం. ఘటం అంటే కుండ. కుండలాంటి తల ఉన్నవాడు కాబట్టి ఘటోత్కచుడు. అంటే ఆకారమే పేరైపోయింది. మన తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు ఉన్నాడు చూడండి, వాడి పేరులోనూ జుట్టే ముందుంటుంది. మనిషి కనిపించగానే కంటికి ఏది తగులుతుందో దాంతోనే పిలవడం మనకి కొత్తేం కాదు.

అయితే వ్యాసభారతంలో ఘటోత్కచుడు నవ్వించడు. కర్ణుడి శక్తి తగిలి చనిపోతూ కూడా ఒళ్లు కొండలా పెంచి కౌరవసేన మీద పడిపోతాడు. ఒక అక్షౌహిణి సేన ఆయన కింద నలిగిపోతుంది. అక్కడ ఆ శరీరం ఒక ఆయుధం, అంతే. ఇక శశిరేఖ పెళ్లి కథ వ్యాసభారతంలో లేనే లేదు. అది తర్వాత జనం అల్లుకున్నది. అలా యుద్ధభూమిలో భయపెట్టిన ఆకారాన్ని పెళ్లింట్లోకి తెచ్చి కూర్చోబెట్టింది జనమే!

ఇప్పుడు సినిమాకి వద్దాం. 1951లో 'పాతాళభైరవి' వచ్చింది. అందులో నేపాళ మాంత్రికుడు ఎస్వీ రంగారావు గారు. 1957 మార్చి 27న 'మాయాబజార్' వచ్చింది. అందులో ఘటోత్కచుడూ ఆయనే. రెండింటికీ సంస్థ విజయా వారే, దర్శకుడు కె.వి.రెడ్డి గారే, మాటలు రాసింది పింగళి నాగేంద్రరావు గారే. అదే మనిషి, అదే ఎత్తు, అదే గొంతు. మాంత్రికుణ్ణి చూస్తే వెన్నులో చలి పుడుతుంది. ఘటోత్కచుణ్ణి చూస్తే మా ఇంటికి భోజనానికి రావయ్యా అని పిలవాలనిపిస్తుంది. మరి ఆకారమే మనిషిని తయారుచేస్తే ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది?

నాకు అర్థమైంది చెప్తాను. ఆకారం మనకి ఒక అంచనా ఇస్తుంది. క్యారెక్టర్ ఆ అంచనాని ఏం చేస్తుందన్న దాంట్లోనే ఉంది అసలు ఆకర్షణ. అడవిలోకి వచ్చిన సుభద్ర, అభిమన్యుల్ని శత్రువులనుకుని మీదపడతాడు ఘటోత్కచుడు. వాళ్లెవరో తెలియగానే అంత మనిషీ పిన్నమ్మ ముందు చిన్నపిల్లాడైపోతాడు. అలాగే 'తసమదీయులు' అనే మాట పుట్టిన సీన్ గుర్తుచేసుకోండి. లేని మాట పలికాడని గురువు చిన్నమయ్య శిష్యుణ్ణి తిడుతుంటే, ఘటోత్కచుడు ఆ శిష్యుణ్ణే మెచ్చుకుని వీరతాడు వేయిస్తాడు. ఆ చిన్నమయ్య వేషంలో ఉన్నదేమో పుల్లలా సన్నగా ఉండే రమణారెడ్డి గారు. పక్కపక్కనే ఆ రెండు ఆకారాలూ! ఆ తేడా చూస్తేనే నవ్వొస్తుంది. కానీ సినిమా లావునీ వెక్కిరించదు, సన్నాన్నీ వెక్కిరించదు. పెళ్లి వంటలన్నీ ఒక్కడే ఊదేసే సీన్‌లో కూడా ఆ తిండిని చూసి మనకి జాలి కలగదు, ఏవగింపూ కలగదు. ఆయన తృప్తి చూసి మనకీ ఆకలేస్తుంది.

ఇంకో అద్భుతం ఏంటంటే, సినిమా సగంలో ఆ భారీ శరీరాన్నే తీసి పక్కన పెట్టేశారు! ఘటోత్కచుడు మాయా శశిరేఖ అయిపోతాడు. ఇప్పుడు తెర మీద ఉన్నది సావిత్రి గారు. లావు లేదు, మీసం లేదు, గద లేదు. అయినా ఆవిడ ఒక్కసారి భుజం విరిచి నడిస్తే చాలు, లోపల రంగారావు గారే ఉన్నారని మనకి తెలిసిపోతుంది. ఆ పాటలో సుశీల గారి గొంతు మధ్యలో ఘంటసాల గారి గొంతు దూరుతుంది కూడా. ఒళ్లు మారినా మనిషి మారలేదన్నమాట.

తర్వాత ఈ దారిలోనే మన సినిమా యముళ్లు నడిచారు. 1977లో 'యమగోల', 1988లో 'యముడికి మొగుడు', 1994లో 'యమలీల', మూడింట్లోనూ యముడు కైకాల సత్యనారాయణ గారే. నిండైన విగ్రహం, మీసం, కిరీటం, గద. లోకమంతా భయపడే ఆ యముడు భూమ్మీదకొచ్చి హిమక్రీములంటే పడిచచ్చిపోతాడు. మళ్లీ అదే సూత్రం. పైన కొండ, లోపల పసితనం. 1995లో 'ఘటోత్కచుడు' సినిమాకి కూడా ఎస్వీ కృష్ణారెడ్డి గారు పిలిచింది ఈ కైకాల గారినే.

ఇదంతా ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, ఈ సూత్రాన్ని మనం ఎక్కడో పారేసుకున్నాం. ఆ తర్వాత ఎన్నో కామెడీ సీన్లలో లావు, పొట్టి, నలుపు ఇవే జోకులైపోయాయి. ఆ మనిషికి మనసు రాయలేదు, ఆశ రాయలేదు, పొట్ట ఒక్కటే రాశారు. నేను స్కూల్లో లావుగా ఉండేవాణ్ణి. క్లాసులో నన్ను ఘటోత్కచుడనే పిలిచేవాళ్లు. అప్పట్లో ఏడుపొచ్చేది. పెద్దయ్యాక సినిమా శ్రద్ధగా చూస్తే తెలిసింది, వాళ్లు తెలియకుండానే నాకు ఎంత మంచి పేరు పెట్టారో! కానీ ఒకటి, ఆ పేరులో ఉన్న గౌరవం ఆ పిలుపులో లేదు. ఆ తేడా పిలిపించుకున్నవాడికే తెలుస్తుంది.

ఇవాళ ఫోన్‌లో ఫిల్టర్ పెట్టి మొహం సన్నం చేసుకోవడం ఒక్క సెకను పని. చేసుకోండి, తప్పేం లేదు. కానీ మీ నడక, మీ నవ్వు, ఎదుటివాణ్ణి మెచ్చుకునే మీ మనసు, వీటికి ఫిల్టర్ లేదు. జనానికి గుర్తుండిపోయేది కూడా అవే.

ఒక చిన్న పని చెప్తాను, చేసి చూడండి. ఈసారి 'మాయాబజార్' పెట్టినప్పుడు మాయా శశిరేఖ పాట దగ్గర సౌండ్ పూర్తిగా తీసేయండి. సావిత్రి గారి భుజాలు మాత్రం చూడండి. ఘటోత్కచుడు కనిపిస్తాడు.

మరో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.