బాలచంద్రుడు యుద్ధానికి ఎందుకు పోయాడు?

పావగడ కొండమీది కోటను చూస్తే వీరులే గుర్తొస్తారు, వాళ్ల మనసులు గుర్తురావు. పల్నాటి కథలో బాలచంద్రుడికి యుద్ధం సంగతి తెలియకుండా తల్లి ఐతాంబ దాచింది. బొంగరం తగిలిన ఒకామె దెప్పిపొడిచేసరికి సిగ్గుపడి కారెంపూడికి బయలుదేరాడు.

1929లో పుస్తకంగా వచ్చిన రెమార్క్ జర్మన్ నవలలో పాల్ బాయ్మర్, అతని తరగతి పిల్లలు కూడా అయ్యవారు కాంటొరెక్ మాటలు విని సైన్యంలో చేరారు. బేమ్ అనేవాడికి ఇష్టం లేదు. పిరికివాడంటారని చేరాడు, అందరికంటే ముందే చచ్చిపోయాడు పాపం.

యుద్ధం చూసిన సైనికులకు కలల్లో మళ్లీ మళ్లీ అదే భయం ఎందుకొస్తుందని ఫ్రాయిడ్ 1920లో ఆలోచించాడు. అది యుద్ధం తర్వాతి భయం. ముందుది సిగ్గు భయం. నాకైతే చావు భయం కంటే అదే పెద్దదనిపిస్తుంది.

మాంచాల కత్తి ఇచ్చే ఘట్టానికి చప్పట్లు కొడతాం. ఐతాంబ ఎందుకు దాచిందో అడగం.