డాలర్ కిరాయికి బాగ్

హైదరాబాద్‌లో బాగ్ అన్న మాట వినబడకుండా బస్సులో నాలుగు స్టాపులు దాటలేం. బషీర్‌బాగ్, జాంబాగ్, మూసారాంబాగ్, బాగ్‌లింగంపల్లి. పేర్లు మిగిలాయి, బాగులు పోయాయి. సర్ ఆస్మాన్ జా కట్టించుకున్న బషీర్‌బాగ్ ప్యాలెస్ కూడా ఇప్పుడు లేదు. పేరులోనే అవామ్ ఉన్న బాగే ఆమ్ మాత్రం నాంపల్లిలో ఇంకా నీడ ఇస్తోంది.

ఈ పేర్లు విన్నప్పుడల్లా నాకొక సవాల్ గుర్తొస్తుంది. బాగ్ ఎవరిది? కాగజ్ ఉన్నవాడిదా, రోజూ నీళ్లు పోసినవాడిదా? ఈ సవాల్‌ని వీధిలోనూ, కోర్టులోనూ ముప్ఫై ఏళ్లు నడిపిన గరీబు మొహల్లాలు న్యూయార్క్‌లో ఉన్నాయి. ఆకాశమంత బిల్డింగుల ఊరిలో తోటల గొడవేంటి అనుకోకండి. ఆ తారీఖ్‌లో మన బస్తీలకి పనికొచ్చే సబఖ్ ఉంది.

1970ల న్యూయార్క్ దివాలా అంచున ఉంది. 1975 నాటికి జీతాలివ్వడానికి కూడా ఊరి ఖజానాలో పైసలు లేని హాలత్. డబ్బున్న వాళ్లు శివార్లకి వెళ్లిపోయారు. సౌత్ బ్రాంక్స్, బ్రూక్లిన్, మన్‌హటన్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో ఇళ్ల ఓనర్లు కిరాయిదార్లని గాలికొదిలేశారు. కొందరైతే ఇన్సూరెన్స్ కోసం సొంత బిల్డింగులకే నిప్పు పెట్టించారు. టాక్సులు కట్టని జాగాలన్నీ సర్కార్ చేతికొచ్చాయి. కూలిన గోడలు, చెత్త, ఎలుకలు, నషా సూదులు. అట్లాంటి ఖాళీ జమీన్లు ఊరంతా వేలల్లో ఉండేవి. వాటి పక్కనే పిల్లల్ని పెంచుకుంటూ ఉండిపోయింది నల్లజాతి వాళ్లు, ప్యూర్టోరికో నుంచి వచ్చిన వాళ్లు, ఇంకెక్కడికీ పోలేని గరీబులు.

బ్రూక్లిన్‌లోని బెడ్‌ఫర్డ్-స్టైవెసెంట్ నల్లజాతి వాళ్ల మొహల్లా. అక్కడ హ్యాటీ కార్థన్ అనే పెద్దావిడ ఉండేది. 1900లో పుట్టింది. మన నానీమాల తరం. తన గల్లీలో చెట్లు ఒక్కొక్కటే మాయమవుతుంటే చూస్తూ ఊరుకోలేదు. ఇరుగుపొరుగుని జమ చేసి, 1960ల నడుమ నుంచి మొక్కలు నాటించడం మొదలుపెట్టింది. మొహల్లా పిల్లలకి చెట్ల సంరక్షణ నేర్పించి, వాళ్లతోనే పని చేయించింది. అట్లా ఆ ఇలాఖాలో 1,500కు పైగా చెట్లు లేచాయి. నార్త్ కరోలినా నుంచి 1885 ప్రాంతంలో తెచ్చి నాటిన ఒక పాత మాగ్నోలియా చెట్టుకి ముప్పు వచ్చినప్పుడు దాని కోసం కొట్లాడింది. 1970లో ఆ చెట్టుని ఊరి చారిత్రక చిహ్నంగా ప్రకటించేదాకా వదల్లేదు. చార్మినార్‌కో గోల్కొండకో దొరికే ఇజ్జత్ ఒక చెట్టుకి దొరికిందన్న మాట.

ఇక 1973లో మన్‌హటన్‌లోని బవరీ, హ్యూస్టన్ వీధుల మూల మీద ఇంకో కథ మొదలైంది. లిజ్ క్రిస్టీ అనే ఆర్టిస్టు, ఆమె దోస్తులు కలిసి గ్రీన్ గెరిల్లాస్ అని పేరు పెట్టుకున్నారు. కంచె దాటి పోలేని జాగాల్లోకి విత్తనాలు, ఎరువు నింపిన బెలూన్లు విసిరేవాళ్లు. వాన పడితే మొలకలొస్తాయని ఆశ. ఆ మూల మీది జమీన్‌లో మాత్రం చేతులతోనే దిగారు. చెత్త ఎత్తిపోశారు, మట్టి తెచ్చి పోశారు, కూరగాయలకి అరవై మళ్లు కట్టారు. సర్కార్‌కి దరఖాస్తు పెడితే 1974లో నెలకి ఒక్క డాలర్ కిరాయికి ఆ జాగా ఇచ్చారు. జీతం తీసుకున్న మాలీ ఒక్కడూ లేడు. అంతా ఖిద్మత్ మీదే నడిచింది. క్రిస్టీ 1985లో చనిపోయింది. ఆ మరుసటి ఏడు ఆ తోటకి ఆమె పేరే పెట్టారు. ఇప్పటికీ ఉంది.

చూసి ఊరంతా మొదలుపెట్టింది. ప్యూర్టోరికో వాళ్లు తోటల నడుమ కసీతా అనే చిన్న చెక్క ఇల్లు కట్టుకునేవాళ్లు. వతన్‌లో వదిలేసి వచ్చిన పల్లె ఇంటికి అది యాదిగార్. పక్కనే మిరపకాయలు, కంది, కొత్తిమీర. సాయంత్రాలు ముసలాళ్లు డొమినో ఆడేవాళ్లు, పిల్లలు కోళ్ల వెంట పరిగెత్తేవాళ్లు. బజార్‌లో దొరకని ఆకుకూర కోసం పెరట్లో మడి కట్టిన మన అమ్మీలకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

1978లో సర్కార్ గ్రీన్‌థంబ్ అనే స్కీమ్ పెట్టి ఈ తోటలకి కాయిదా ప్రకారం కిరాయినామాలు రాసిచ్చింది. మట్టి, పనిముట్లు కూడా ఇచ్చేది. కానీ ఆ కాగజ్‌లో ఒక షర్తు ఉంది. జమీన్ సర్కార్‌ది, ఈ ఇంతెజామ్ తాత్కాలికం, కావాలనుకుంటే నెల రోజుల నోటీసుతో ఖాళీ చేయించొచ్చు. జమీన్‌కి ఖీమత్ లేని రోజులవి. ఆ షర్తుని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఇరవై ఏళ్లు గడిచాయి. తోటలున్న చోట వీధులు బాగుపడ్డాయి, భయం తగ్గింది, మళ్లీ డబ్బున్న వాళ్ల చూపు అటు పడింది. జమీన్ రేటు పెరిగింది. చెత్తకుప్పని చమన్ చేసిన మెహనత్ కూడా ఆ రేటులో కలిసింది. ఆ మెహనతే ఇప్పుడు వాళ్ల మీదికి వచ్చింది. మేయర్ రుడాల్ఫ్ జూలియాని తోటల జమీన్లని నీలాం వేయడానికి సిద్ధమయ్యాడు. ఖాళీ జాగాల్లో ఇళ్లు రావాలన్నది సర్కార్ వాదన. అది పూర్తిగా తప్పు వాదన అని నేను అనను. గరీబుకి నీడ కావాలి, ఇల్లూ కావాలి. కానీ నీలాంలో ఎక్కువ పాడినవాడు కట్టే ఇల్లు గరీబుకే దక్కుతుందన్న జమానత్ ఎక్కడుంది?

జనం ఊరుకోలేదు. కూరగాయల్లా, పురుగుల్లా వేషాలు వేసుకుని జులూస్ తీశారు. 1998లో ఒక నీలాం హాల్లో వేలాది కీచురాళ్లని వదిలారు. వందలమంది అరెస్టులకి తయారయ్యారు. 1999 మేలో 114 తోటలు నీలాంకి వచ్చాయి. రాష్ట్ర అటార్నీ జనరల్ ఎలియట్ స్పిట్జర్ కోర్టుకెళ్లాడు. సరిగ్గా నీలాం ముందు రోజు సౌదా కుదిరింది. ట్రస్ట్ ఫర్ పబ్లిక్ ల్యాండ్ అనే సంస్థ, సినిమా నటి బెట్ మిడ్లర్ పెట్టిన న్యూయార్క్ రెస్టొరేషన్ ప్రాజెక్ట్ కలిసి 42 లక్షల డాలర్లకి ఆ తోటలన్నీ కొనేశాయి.

అన్ని కథలూ అట్లా ముగియలేదు. లోయర్ ఈస్ట్ సైడ్‌లో ఎస్పెరాంజా అనే తోట ఉండేది. స్పానిష్‌లో ఆ మాటకి అర్థం ఉమ్మీద్. ఒక ప్యూర్టోరికో కుటుంబం మొదలుపెట్టి, ఇరవై ఏళ్లకు పైగా పెంచిన తోట. అవామ్ రాత్రింబవళ్లు కాపలా కాశారు. 2000 ఫిబ్రవరి 15న, కోర్టులో వాదనలు నడుస్తుండగానే బుల్డోజర్ వచ్చింది. ముప్ఫై మందికి పైగా అరెస్టయ్యారు. కోర్టు ఆపమన్న మాట బయటికొచ్చేసరికి అక్కడ ఆపడానికి ఏమీ మిగల్లేదు.

2002లో కొత్త మేయర్ మైకేల్ బ్లూంబర్గ్ హయాంలో సుల్హ్ అయ్యింది. సుమారు 400 తోటలకి రక్షణ దొరికింది. 150 దాకా జాగాలు ఇళ్లకి పోయేలా ఒప్పుకున్నారు. ఈ రోజు గ్రీన్‌థంబ్ కింద 550కి పైగా తోటలు నడుస్తున్నాయి.

మనం బాగా గమనించాల్సింది నీలాం నుంచి కొన్న తోటల సంగతి. ట్రస్ట్ ఫర్ పబ్లిక్ ల్యాండ్ తాను కొన్న వాటిని తన దగ్గరే పెట్టుకోలేదు. బ్రాంక్స్‌కి, మన్‌హటన్‌కి, బ్రూక్లిన్-క్వీన్స్‌కి వేర్వేరుగా ల్యాండ్ ట్రస్టులు ఏర్పడి, తోటలు వాటి చేతికొచ్చాయి. నడిపేది తోటల్లో పని చేసేవాళ్లే. ఒకడు అమ్ముకోవడానికి లేకుండా అందరి ఫాయిదా కోసం జమీన్‌ని కట్టడి చేయడం. ఈ ఆలోచన మనకి కొత్త కాదు. వక్ఫ్ అనే మాట మన ఇళ్లల్లో తరతరాలుగా ఉంది. ఖానూన్‌లో రెండూ ఒకటి కావు, నీయత్ మాత్రం దగ్గరిది.

అయితే వక్ఫ్ మనకి ఇంకో సంగతి కూడా చూపించింది. కాగజ్ ఉండి కూడా కబ్జా అయిన ఖబ్రస్తాన్లు, దర్గా జమీన్లు మనకి తెలుసు. అక్కడ కాగజ్ ఉంది, రోజూ వెళ్లి చూసే మనిషి లేడు. ఎస్పెరాంజాలో రోజూ చూసే మనుషులున్నారు, కాగజ్ లేదు. రెండు చోట్లా జమీన్ పోయింది.

మన మొహల్లాల్లో నౌజవాన్లు ఇప్పుడు ఖబ్రస్తాన్ గోడల వెంట, బస్తీ పార్కుల్లో, స్కూలు ఆవరణల్లో మొక్కలు నాటుతున్నారు. మాషా అల్లాహ్. ఫొటో తీసుకున్నాక రెండు పనులు చేయండి. ఎండాకాలంలో ఏ రోజు ఎవరు నీళ్లు పోయాలో పేర్లు రాసి పెట్టుకోండి. ఆ జాగా సర్వే నంబర్ ఏమిటో, ఏ దఫ్తర్‌లో ఎవరి పేరు మీద ఉందో తెలుసుకుని, కమిటీ పేరున దరఖాస్తు పెట్టి, రసీదు దాచండి. జమీన్ రేటు పెరగకముందే ఈ పని తేలిక.