మందలు నడిచిన నేల

నంద్యాల జిల్లా మిడుతూరు మండలంలో 614 హెక్టార్ల గడ్డిమైదానాన్ని 1988లో రోళ్లపాడు వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. బట్టమేక పిట్టను కాపాడుకోవడమే దాని ముఖ్యోద్దేశం. పిల్లల్ని వెంటబెట్టుకుని కాలినడకన తిరగడానికి ఇంత అనువైన నేల రాయలసీమలో అరుదు. ఎత్తుపల్లాలు తక్కువ, చూపు చాలా దూరం సాగుతుంది, కృష్ణజింకల మంద కదిలినా పైన గద్ద తిరిగినా ఆరేళ్ల పిల్లకు కూడా కనబడుతుంది. అయినా ఇంటిల్లిపాదీ ప్రకృతిలోకి నడక అనగానే మనకు తోచేవి అడవి, కొండ, జలపాతం. గడ్డినేలలో నడక పట్నవాసుల కొత్త సరదా అనీ, అభయారణ్యంలో మనిషి అడుగు పడకపోవడమే మేలనీ చాలామంది అభిప్రాయం. ఆ నేల చరిత్ర చూస్తే నాకు తేలింది వేరు. మనుషులూ మందలూ నడుస్తూ ఉండగానే అది గడ్డినేలగా నిలిచింది. ఆ నడక తగ్గేకొద్దీ దాని పక్షాన మాట్లాడేవాళ్లూ తగ్గిపోయారు.

కర్నూలు సీమలో వాన తక్కువ. పల్లపు నల్లరేగడిలో జొన్న, కొర్ర పండేవి. మట్టి పలచగా ఉన్న గరప మిట్టలు బీళ్లుగా మిగిలేవి. కురువలు, గొల్లలు పైరు నిలిచి ఉన్న కాలంలో గొర్రెల్ని ఆ మిట్టల మీద మేపేవారు. కోతలయ్యాక మంద చేలల్లోకి దిగేది. రాత్రిపూట చేలో మందను కట్టించుకుని, ఆ ఎరువుకు బదులుగా రైతు గింజలు కొలిచి ఇచ్చేవాడు. ఎండాకాలం మేత కోసం నల్లమల వైపు సాగేవారు. ఇలా ఏడాది పొడుగునా మారుతూ ఉండే మేత వల్ల గడ్డి మరీ ఎత్తుకు పెరగలేదు, తుప్పలు కమ్ముకోలేదు. బట్టమేకకు కావలసినదీ అదే. మీటరు ఎత్తు నిలబడే ఆ పక్షుల్లో మగది పొట్టిగడ్డి ఉన్న మిట్ట మీద మెడతిత్తిని ఉబ్బించి ఆడపక్షిని పిలుస్తుంది. ఆడది నేలమీదనే సాధారణంగా ఒకే ఒక్క గుడ్డు పెట్టి పొదుగుతుంది. గుడ్డు ఇంత సులువుగా దొరికే పక్షి గొర్రెల కాపర్ల మధ్య తరతరాలు బతికి వచ్చిందంటే, దాని నాశనానికి కారణం వాళ్ల అడుగులేనని నమ్మడం కష్టం. తుపాకీ సంగతి వేరు. దక్కనులోనే అహ్మద్‌నగర్ ప్రాంతంలో రాబర్ట్ మాన్స్‌ఫీల్డ్ అనే వేటగాడు 1809 నుంచి 1829 లోపల 961 బట్టమేకల్ని కాల్చినట్టు నమోదై ఉంది. నేడు దేశమంతటా కలిపి మిగిలినవి 150 దరిదాపుల్లోనే.

తుపాకీ కంటే లోతుగా దెబ్బతీసింది శిస్తు లెక్క. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను తొలగించి ఈస్టిండియా కంపెనీ ఈ సీమను కలుపుకుంది. రైతువారీ పద్ధతిలో శిస్తు తెచ్చే పొలానికి విలువ కట్టారు. శిస్తు రాని బీడు, ఎన్ని మందల్ని పోషించినా, బంజరుగానే లెక్కలో పడింది. 1882 మద్రాసు అటవీ చట్టం నల్లమలకు రక్షణనిచ్చింది, కలప విలువ తెలుసు కాబట్టి. గడ్డిని అలా చూసుకునే దిక్కు లేకపోయింది. 1860లలో తవ్విన కర్నూలు–కడప కాలువ తడిసాగుకు దారి తీసింది. స్వాతంత్ర్యం వచ్చాక బంజర్లను భూమిలేని పేదలకు పంచారు. అది న్యాయమైన పని, దాన్ని నేను తప్పుపట్టను. కానీ పంచేముందు ఆ బీటి మీద ఆధారపడ్డ కాపరినీ పక్షినీ లెక్కలోకి తీసుకోలేదు. 1985లో జాతీయ బంజరు భూముల అభివృద్ధి మండలి ఏర్పడింది. 2000లో దేశపు బంజరు భూముల పటాల సంపుటం వెలువడింది. ఆ పటాల్లో గడ్డినేలలు ఎన్నో బంజర్ల కిందికే వెళ్లాయి. 2017లో ఓర్వకల్లు ప్రాంతంలో గని, శకునాల గ్రామాల పరిధిలో దాదాపు 6,000 ఎకరాల్లో 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు వెలసింది. విద్యుత్తు కావలసిందే. అయితే అంత విస్తీర్ణంలో అడవిని తీసుకోవలసి వస్తే ఎంత చర్చ జరిగేదో ఊహించుకోవచ్చు.

1980ల ఆరంభంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున అసద్ రహ్మానీ బృందం రోళ్లపాడులో బట్టమేకల మీద పరిశోధన మొదలుపెట్టింది. అభయారణ్యం ఆ కృషి ఫలితమే, దాని విలువను తక్కువ చేయలేం. కొంత భాగంలో మేతను ఆపారు, గడ్డి కోలుకుంది, కృష్ణజింకలు పెరిగాయి. పెరిగిన జింకలు చుట్టుపక్కల చేలమీద పడ్డాయి. రైతుకు అభయారణ్యమంటే పంట నష్టమే గుర్తొచ్చే పరిస్థితి ఏర్పడింది. పక్కనే అలగనూరు జలాశయం వచ్చింది, చుట్టూ జొన్న, కొర్రల స్థానంలో నీటిపంటలు వచ్చాయి. ఆ పక్షి కంచె లోపల మాత్రమే బతకదు, చుట్టూ ఉన్న మెట్టచేలలో కూడా మేత వెతుక్కుంటుంది. గత దశాబ్దంలో రోళ్లపాడులో బట్టమేక కనబడటమే అపురూపమైపోయింది. మధ్యప్రదేశ్‌లోని కరేరా కథ ఇంకా బాధాకరం. 1981లో ప్రకటించిన ఆ అభయారణ్యంలో చాలా భాగం రైతుల సొంత భూమి. అమ్ముకోవడానికీ కట్టుకోవడానికీ ఆంక్షలు రావడంతో వాళ్లకు ఆ పక్షి మీదే కోపం పెరిగింది. 1990ల మధ్యకల్లా అక్కడ బట్టమేక కనుమరుగైంది. జనాన్ని దూరం పెట్టిన రక్షణకు ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం నాకు తెలియదు.

జనాన్ని మళ్లీ ఆ నేలమీద నడవనివ్వాలంటే మూడు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది, నేలమీద గుడ్లు పెట్టే పక్షుల మధ్య మనుషుల్ని నడిపించడం ప్రమాదం కాదా? ప్రమాదమే, అవి గుడ్లు పెట్టే వానకాలంలో. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆ చిక్కు తక్కువ. పైగా ఉత్తర దేశాల నుంచి వచ్చే పిల్లిగద్దలు సాయంత్రం వేళ గడ్డిలో రాత్రి మకాంకు గుంపులుగా దిగేది అప్పుడే. చూడాలంటే మకాంకు దూరంగా నిలబడటం చాలు. రెండోది, పాత మేతను నేను మరీ అందంగా చూపిస్తున్నానన్న మాట. ఇందులో కొంత నిజముంది. బీళ్లు కుంచించుకుపోయి, మిగిలిన తునకలమీదే మందలన్నీ పడితే గడ్డి వేళ్లతో సహా పోతుంది, మంద వెంట వచ్చే కుక్కలు పిల్లపక్షుల్ని పట్టుకుంటాయి. కానీ మేతను పూర్తిగా మూసేసిన చోట్ల గడ్డి దట్టమై తుప్పలు పైకొస్తాయి. గుజరాత్‌లోని బన్ని మైదానంలో 1961 నుంచి సర్కారు తుమ్మ నాటి ఎంత నేల పోగొట్టుకున్నారో చూస్తే, గడ్డినేలను కప్పేయడానికి పొదలు చాలునని అర్థమవుతుంది.

మూడోదే గట్టిది. కాపరికి ఆ నేలతో బతుకు ముడిపడి ఉంది, ఆదివారం వచ్చి వెళ్లే కుటుంబానికి ఏముంది? ప్లాస్టిక్ సంచులు వదిలి పోవడమేనా? గుంపుల్ని, వాహనాల్ని హద్దుల్లేకుండా వదిలితే జరిగేది అదే. కానీ కాపరికీ గడ్డినేలకూ ఉన్న బంధం ఇప్పుడు సడలుతోంది. అతని పిల్లలు చాలామంది వేరే పనుల్లోకి పోతున్నారు. ఆ నేల గురించి అడగడానికి ఇంకెవరో కావాలి. నల్లమల మీద గనుల ప్రతిపాదన వస్తే పట్నాల్లో కూడా గొంతులు లేస్తాయి, ఎందుకంటే శ్రీశైలం వెళ్తూ ఆ అడవిని చూసినవాళ్లు లక్షల్లో ఉన్నారు. గడ్డినేలను చూసినవాళ్లు ఎందరు? 1963లో జాతీయ పక్షిగా నెమలిని ఎంచుకునే ముందు సలీం అలీ బట్టమేకను ప్రతిపాదించారు. దాన్ని ఎంచుకుని ఉంటే గడ్డినేలలకు ప్రతినిధి అయ్యేది. ఆ ప్రతినిధిత్వం దక్కలేదు. ఇప్పుడు పిల్లల కళ్లకు ఆ నేల అలవాటు కావడమే మిగిలిన దారి.

పుణె జిల్లా కడబన్వాడిలో ఇటీవల అటవీశాఖ గడ్డిభూముల సందర్శనకు దారులు తెరిచింది, అయితే అక్కడి ఏర్పాటు వాహనాలతో. రోళ్లపాడుకు వాహనం అక్కర్లేదు. పాత మందబాటల్నే నడకదారులుగా గుర్తించి, ఆ ఊళ్ల కాపరుల్నే వెంట పంపి, వాళ్లకు కూలి ఇచ్చి, వానకాలం మొత్తం మూసి ఉంచితే చాలు. వసూలైన రుసుములో కొంత జింకలవల్ల పంట నష్టపోయిన రైతులకు నేరుగా అందాలి. ఏ పొదలో గుంటనక్క బొరియ ఉందో, ఏ మిట్టమీద తోడేలు అడుగులు పడతాయో, ఏ గడ్డి ముల్లు బట్టలకు పట్టుకుంటుందో పిల్లలకు చెప్పగలిగిన మనుషులు ఆ ఊళ్లలో ఇంకా ఉన్నారు.